నాన్నతో బకెట్ల యాత్ర

మా నాన్న ఇరవై రెండేళ్ళు జేసీబీ నడిపాడు. మొదట ఒక కాంట్రాక్టర్ దగ్గర ఆపరేటర్‌గా, ఆ తర్వాత ఫైనాన్స్‌లో తీసుకున్న సొంత బండి మీద. నడుము ఒప్పుకోక మూడేళ్ళ కింద దిగిపోయాడు. ఇప్పుడు ఆ బండిని ఒక కుర్రాడు నడుపుతున్నాడు. ఆగస్టులో నాన్న అమ్మతో కలిసి అమెరికాలో, కాన్సస్ సిటీలో ఉన్న మా ఇంటికొచ్చాడు. గుడి, మాల్, కాస్ట్‌కో అన్నీ మొదటి పది రోజుల్లోనే అయిపోయాయి. ఆ తర్వాత ఇక కిటికీయే. ఒకరోజు మా వీధి చివర మురుగు పైపు కోసం తవ్వుతుంటే వెళ్ళి రెండు గంటలు నిలబడి చూసొచ్చాడు. "చెయ్యి మంచిదే గానీ గట్టు మరీ నిలువుగా కోస్తున్నాడు, కూలుద్ది" అన్నాడు. ఆ పూట ఆయన ముఖంలో ఉన్న కళ అంతకు ముందు ఏ గుళ్ళోనూ నాకు కనబడలేదు.

ఆఫీసులో వారం సెలవు పెట్టాను. పాత యంత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, కారు వెళ్ళగలిగినవి ఏరుకున్నాను. అమ్మ రానంది. "మట్టి తవ్వే బండ్లు చూడ్డానికి అమెరికా దాకా రావాలా? నేను మనవడి దగ్గరుంటా" అని పులిహోర కట్టి, ఆవకాయ సీసా చేతికిచ్చి పంపేసింది. తిరిగొచ్చి నాలుగు రోజులైంది. కారు వెనక సీటులో ఇంకా ఆవకాయ వాసన పోలేదు.

సెప్టెంబర్ 26, వెస్ట్ మినరల్, కాన్సస్

కాన్సస్ సిటీ నుంచి దక్షిణానికి రెండు గంటల పైచిలుకు. సోయా చేలు, మొక్కజొన్న, మధ్య మధ్య చెరువుల్లాంటి పొడుగాటి గుంటలు. దూరంగా చేల మీద ఏదో నారింజ రంగు కర్ర నిలబెట్టినట్టు కనిపించింది. "సెల్ టవరా అమ్మా?" అన్నాడు నాన్న. కాదు, బూమ్, అంటే తవ్వే యంత్రం పొడుగాటి చెయ్యి. ఆ యంత్రం పేరు బిగ్ బ్రూటస్.

బ్యుసైరస్ ఈరీ కంపెనీ 1850-బి రకం పార యంత్రం ఇది. ఈ రకంలో చేసింది ఇదొక్కటే. ఎత్తు 160 అడుగులు, అంటే పదహారు అంతస్తులు. బరువు దాదాపు 5,000 టన్నులు. విడి భాగాలను 150 రైలు వ్యాగన్లలో తెచ్చి ఇక్కడే పదకొండు నెలల పాటు బిగించారు. 1963 నుంచి 1974 దాకా రాత్రింబగళ్ళు బొగ్గు మీది మట్టిని తీసింది. బకెట్‌లో 90 ఘనపు గజాలు పడుతుంది. నాన్న నోట్లోనే లెక్క వేసుకుని, "నా ముందు బకెట్‌తో అరవై సార్లు ఎత్తాలి" అన్నాడు.

తర్వాత నేను ఊహించిన ప్రశ్నే వేశాడు. "డీజిల్ ఎంత తాగుద్ది?"

తాగదు. ఇది కరెంటు బండి. బలమైన కేబుల్ వెనక ఈడ్చుకుంటూ, గంటకు అర కిలోమీటరు కూడా రాని వేగంతో జరిగేది. ఇంత ఇనుమూ ప్లగ్గు పెడితే నడిచేదన్న మాట నాన్నకు చాలాసేపు మింగుడుపడలేదు. మెట్లెక్కి ఆపరేటర్ కూర్చునే చోటిదాకా వెళ్ళనిచ్చారు. ఆయన సీటు ముందు నిలబడి, చేతులు గాల్లో పెట్టి, లేని లీవర్లను కదిపి చూశాడు.

"ఇది ఎలా నొక్కుద్ది?"

ఆయన అడిగేది నాకు వెంటనే అర్థం కాలేదు. కిందికి దిగాక నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. జేసీబీలో బకెట్‌ను నేలలోకి దించేది సిలిండర్‌లోని ఆయిల్. గట్టి నేల తగిలితే బకెట్ దిగదు, బండే పైకి లేస్తుంది. అంటే బండి బరువు బకెట్ పళ్ళ మీదికి వస్తుంది. మరి తాళ్ళతో నడిచే దీనికి ఆ నొక్కుడు ఎక్కడిది? తాడు లాగుతుంది గానీ తోయదు కదా. నిజమే, ఎవరైనా చెబితే తప్ప నాకు తట్టని సంగతి. తోసేది తాడు చివర వేలాడే బకెట్ కాదు, దాని కర్ర. బకెట్ ఒక పొడవాటి కర్రకు బిగించి ఉంటుంది. ఆ కర్రను మోటార్లు ముందుకు తోస్తాయి, తాళ్ళు పైకి లాగుతాయి. కింద నుంచి పైకి గీరుకుంటూ పోతుంది. "మన బకెట్ మన వైపు లాక్కుంటుంది, ఇది ఎదుటికి తోస్తుంది. అన్నం కలుపుకోడానికీ పార పట్టి తోయడానికీ ఉన్న తేడా" అన్నాడు. దారి పొడుగునా ప్రతి యంత్రం దగ్గరా ఆయన ఇదే ప్రశ్న అడిగాడు: ఏది నొక్కుద్ది?

బ్రూటస్ పని ఆగిపోయాక ఇక్కడే ఉండిపోవడానికి కారణం మామూలుదే. కరెంటు ఖర్చు పెరిగింది, ఇక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ, గిరాకీ పోయింది. ఇంకో చోటికి తీసుకెళ్దామంటే ఇంత బండిని కదపడం ఎవరి తరం? 1985లో మ్యూజియం చేశారు. దారిలో చూసిన పొడుగాటి గుంటలు ఇలాంటి యంత్రాలు వదిలేసిన గోతులేనట. ఇప్పుడు వాటిలో చేపలు పడుతున్నారు.

సాయంత్రం కాన్సస్‌లోనే ఉన్న పిట్స్‌బర్గ్ అనే ఊరి దగ్గర వేపుడు కోడి తిన్నాం. ఈ బొగ్గు పల్లెల్లో ఆ కోడికి ఒక కథ ఉంది. 1933లో గనిలో కాలు పోయిన కార్మికుడి భార్య ఆనీ, మరుసటేడు నుంచి ఇంట్లో కోడి వేయించి అమ్మడం మొదలుపెట్టింది. పక్కనే మేరీ అనే ఇంకో కార్మికుడి భార్యా అదే పని చేసింది. ఆ రెండు పేర్లతో హోటళ్ళు ఇప్పటికీ ఎదురుబొదురుగా అన్నట్టు నడుస్తున్నాయి. కోడితో పాటు పుల్లటి ఆలుగడ్డ సలాడ్, వెల్లుల్లి వేసిన క్యాబేజీ. ఇద్దరికీ టిప్పుతో కలిపి 34 డాలర్లు. నాన్న రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. అది ఆయన నోటి నుంచి వచ్చే పెద్ద మెప్పు.

సెప్టెంబర్ 27, మారోవిల్, కాన్సస్

రాత్రి ఇంటికొచ్చి పడుకుని, పొద్దున్నే వాయవ్యంగా బయలుదేరాం. చివరి ముప్పావు గంట నాదే తప్పు. ఫోన్ దగ్గర దారి అంటే నమ్మి మట్టి రోడ్డెక్కాను. అక్కడ రోడ్లు చదరంగం బల్ల మీది గళ్ళలా, మైలుకొకటి, అన్నీ ఒకేలా ఉంటాయి. రెండు సార్లు అదే ధాన్యం గాదె ముందు తేలాం. ఎదురొచ్చిన ప్రతి పికప్ ట్రక్కు మనిషీ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తి పోతున్నాడు. పల్లెల్లో పలకరింపు అదే. నాన్నకు ఆ పద్ధతి నచ్చింది గానీ ఒక్క వేలు ఆయనకు మర్యాదగా తోచలేదు. అందుకని ప్రతి ట్రక్కుకూ రెండు చేతులూ జోడించాడు. ఒకాయన బ్రేక్ వేసి అద్దం దించి, సాయం కావాలా అని అడిగాడు. దారి కూడా ఆయనే చెప్పాడు.

మారోవిల్ అంటే కొన్ని వీధులే. ఊరి పార్కులో, గడ్డి మధ్య, మొదటిదని చెప్పుకునే బుల్‌డోజర్ నమూనా నిలబెట్టారు. జేమ్స్ కమింగ్స్ అనే కుర్ర రైతు, జె. ఎర్ల్ మెక్‌లియాడ్ అనే డ్రాఫ్ట్స్‌మన్ (యంత్రాల ప్లాన్లు గీసేవాడు) కలిసి 1923లో ఈ ఊళ్ళోనే దాన్ని తయారు చేశారు. పైప్‌లైన్ వేసిన కాలువలను తిరిగి పూడ్చే పని కోసం. అప్పటిదాకా ఆ పని కంచర గాడిదలు చేసేవి. డిసెంబర్ 18న పేటెంట్ అడిగారు, 1925 జనవరి 6న వచ్చింది. పేటెంట్‌లో దాని పేరు 'ట్రాక్టర్లకు తగిలించే సాధనం'. అంతే, ఏ ఆర్భాటమూ లేదు.

నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదంతేనా?" అన్నాడు.

అంతే. ట్రాక్టర్ ముందు ఒక రేకు. ఇంత చిన్న ఆలోచన కోసం ప్రపంచం 1923 దాకా ఎందుకు ఆగిందో నాకూ అర్థం కాలేదు. నాన్న మాత్రం కాసేపటికి మెత్తబడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చుని బ్లేడు వెనక భాగం చూశాడు. "తోయడం ఎవడైనా తోస్తాడు. పైకెత్తడం, దించడం, అదీ కష్టం. ఎత్తు సరిగ్గా ఆగకపోతే ముందు గుంత పడుద్ది, ఆ గుంతలో ట్రాక్టర్ దిగుద్ది, అప్పుడు బ్లేడు ఇంకా లోతుకు పోద్ది. కొత్త ఆపరేటర్లందరూ మొదటి వారం ఇదే చేస్తారు." గడ్డి మీద అరచేత్తో అలలు అలలుగా గీసి చూపించాడు. కుక్కను తిప్పుకుంటున్న ఒక ముసలావిడ ఆగి మమ్మల్ని చూసి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. చెప్పాను. "దీని కోసమే?" అంది. దీని కోసమే. ఆవిడ ఆ ఇనుమును కొత్తగా చూస్తున్నట్టు ఒక నిమిషం చూసి వెళ్ళిపోయింది.

బుల్‌డోజర్ అన్న మాట మాత్రం యంత్రం కంటే పాతది, మంచిది కూడా కాదు. 1870ల్లో దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి ఓటర్లను కొట్టి బెదిరించడాన్ని బుల్‌డోజ్ చేయడం అనేవారు. కారులో ఈ సంగతి చెబితే నాన్న ఏమీ అనలేదు. కిటికీ అద్దం దించుకున్నాడు.

రాత్రి మేరీస్‌విల్‌లో మోటెల్, 79 డాలర్లు. పొద్దున టిఫిన్‌కు పక్కనున్న డైనర్‌కి వెళ్తే, వడ్డించే ఆవిడ నాన్నను "హనీ" అని పిలిచింది. గుడ్లు ఎలా కావాలి హనీ? నాన్న నా వైపు తిరిగి, "ఏమంటాందీ?" అన్నాడు గాభరాగా. ఇక్కడ అందరినీ అలాగే అంటారని చెప్పాను. "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. ఆ రోజంతా యూఎస్-36 రోడ్డు పట్టుకుని మిజోరీ దాటాం, హానిబల్ దగ్గర మిసిసిపీ దాటాం. నది మీద రెండు నిమిషాలు, మిగతా అంతా మొక్కజొన్న.

సెప్టెంబర్ 29, పియోరియా, ఇల్లినాయ్

మట్టి పనుల యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ ముఖ్య కార్యాలయం ఈ ఊరి నుంచి ఎప్పుడో వెళ్ళిపోయింది గానీ సందర్శకుల కేంద్రం ఇక్కడే ఉంది. లోపలికి వెళ్ళగానే 797ఎఫ్ అనే గనుల ట్రక్కు. 363 టన్నులు మోస్తుంది. టైరు పక్కన నిలబడితే నాన్న తల టైరు మధ్య దాకా కూడా రాలేదు. ఆ ట్రక్కు తొట్టినే సినిమా హాలుగా మార్చారు. తొట్టిలో కూర్చుని సినిమా చూడాలి. "మట్టి పోసే చోట మనుషుల్ని పోశారు" అని నాన్న నవ్వాడు.

నాకు ఇక్కడ బాగా నచ్చింది చైన్ కథ. మన వైపు పొక్లెయిన్లను, డోజర్లను చైన్ బండ్లు అంటాం కదా, ఆ చైన్ పుట్టింది బురదలో. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గర డెల్టా నేలలు మెత్తగా స్పంజిలా ఉంటాయి, ఆవిరి ట్రాక్టర్లు కూరుకుపోయేవి. బెంజమిన్ హోల్ట్ చక్రాలను వెడల్పు చేస్తూ పోయాడు. ఏడున్నర అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు చక్రాలు వరసగా పెట్టేసరికి ట్రాక్టర్ మొత్తం 46 అడుగుల వెడల్పయింది. ఇక లాభం లేదని, 1904 నవంబర్ 24న చక్రాలు తీసేసి వాటి స్థానంలో చైన్ పట్టాలు వేసి నడిపించాడు. ఆ పట్టాలకు బిగించినవి ఇనుప పలకలు కావు, రెడ్‌వుడ్ చెక్క ముక్కలు. ఆ యంత్రాన్ని ఫొటో తీయడానికొచ్చినాయన అది గొంగళిపురుగులా, ఇంగ్లీషులో క్యాటర్‌పిల్లర్‌లా, పాకుతోందన్నాడట. హోల్ట్‌కు ఆ మాట నచ్చి అదే పేరు పెట్టుకున్నాడు. 1910లో ట్రేడ్‌మార్క్ చేశాడు. 1925లో హోల్ట్ కంపెనీ, దాని పోటీదారు బెస్ట్ కంపెనీ కలిసి ఇప్పటి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి.

"చెక్కలా?" అన్నాడు నాన్న. ఇరవై రెండేళ్ళలో ఆయన చైన్ బండ్ల కింద పడుకుని మార్చిన పిన్నులు, బుష్షులు ఎన్నో. చెక్కలన్న మాట ఆయనకు ఎంత ఇష్టమైందంటే, సాయంత్రం దాకా మూడు సార్లు అదే అన్నాడు.

ఇంకో సంగతి. ఈ బండ్లు మొదటి నుంచీ పసుపు కాదు. 1931 దాకా బూడిద రంగు, అంచులకు ఎరుపు. రోడ్డు పనుల్లో దూరం నుంచి కనబడాలని అప్పుడు పసుపు వేశారు. అదే ఏడాది డీజిల్ ట్రాక్టర్లు కూడా తెచ్చారు. ఆ పాత డీజిల్ ఇంజన్ తిరగడానికి పక్కన ఒక బుల్లి పెట్రోల్ ఇంజన్ ఉండేది. ముందు దాన్ని చేత్తో తిప్పి స్టార్ట్ చేసి, దాంతో పెద్దదాన్ని తిప్పాలి. నాన్న విని, "చలికాలం పొద్దున బ్యాటరీ పోయి టెన్షన్ పడ్డ వాడికి తెలుసు దాని విలువ" అన్నాడు.

తెర మీద బండి నడిపే ఆట, సిమ్యులేటర్ దగ్గర పిల్లల లైను. వరస వచ్చాక నాన్న కూర్చున్నాడు. మొదటి రెండు నిమిషాలు తడబడ్డాడు, జాయ్‌స్టిక్‌లు ఆయన అలవాటు పడ్డ లీవర్లకు వ్యతిరేకంగా పనిచేస్తున్నాయి. తర్వాత చెయ్యి కుదిరింది. తెర మీద కాలువ తీసి, చివరగా బకెట్ వీపుతో అడుగును నెమ్మదిగా సాపు చేశాడు. అలా సాపు చేయమని ఆటలో ఎవరూ అడగలేదు, దానికి మార్కులు కూడా లేవు. పక్కన నిలబడ్డ ఉద్యోగి నాతో, "ఆయన ఆపరేటరా?" అన్నాడు. వెనక పిల్లాడు మాత్రం, "ఇంకా అవలేదా?" అన్నాడు.

పియోరియాలోనే 1935లో ఆర్.జి. లెటర్నో ఫ్యాక్టరీ పెట్టాడు. మట్టిని గీకి, మోసి, పరిచే స్క్రేపర్లను పెంచి పెద్ద చేసిన మనిషి. ఆయన కథ దగ్గర మేం ఎక్కువసేపు నిలవలేదు, నాన్నకు ఆకలేసింది.

ఆ రాత్రి మోటెల్ గదిలో బియ్యం ఉడికించి, కరెంటు పొయ్యి మీద చిన్న గిన్నెలో తాలింపు పెట్టాను. నా బుద్ధి తక్కువ. ఆవాలు చిటపటలాడేసరికి పొగ అలారం మోగింది. రిసెప్షన్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. నాన్న తువ్వాలు పట్టుకుని మంచమెక్కి అలారానికి విసురుతున్నాడు. జరిమానా వేస్తాడనుకున్నా గానీ, తలుపు తీసి పెట్టమని, ఇంత మంచి వాసన ఏమిటని అడిగి వెళ్ళాడు.

పెరుగన్నం తింటూ నాన్న అడిగాడు: "మరి బకెట్‌ను నొక్కే మన ఆయిల్ ఎప్పుడొచ్చింది?"

ఆయిల్ కంటే ముందు నీళ్ళు వచ్చాయి. 1882లో ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ హల్ రేవు పనులకు నీటి ఒత్తిడితో నడిచే తవ్వే యంత్రం చేసింది. అది నిలబడలేదు. గట్టి సీళ్ళు, మంచి పంపులు, పగలని హోస్ పైపులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే చేతికొచ్చాయి. ఇక అక్కడి నుంచి పరుగే. 1953లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్, అంటే జేసీబీ అన్న మూడు అక్షరాల మనిషి, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి తెచ్చాడు. 1954లో జర్మనీ డెమాగ్ వాళ్ళది, పూర్తిగా ఆయిల్ మీదే నడుస్తూ చుట్టూ తిరిగే చైన్ బండి. 1957లో అమెరికాలో కేస్ వాళ్ళు ముందు లోడరు, వెనక బకెట్ రెండూ ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మారు. 1961లో ఫ్రాన్స్ నుంచి పొక్లెయిన్ టీవై45.

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "పొక్లెయిన్ అంటే కంపెనీయా?"

కంపెనీయే. మన దేశంలో ఎల్ అండ్ టీ ఆ బండ్లు తయారు చేసింది. పేరు బండితో పాటు ఊళ్ళకు దిగి, బండి పోయినా నిలిచిపోయింది. ఇప్పుడు ఏ కంపెనీ బండి వచ్చినా మనకు అది పొక్లెయినే. ఇన్నేళ్ళూ తన నోట్లో నలిగిన మాట ఒక ఫ్రెంచి కంపెనీ పేరని తెలిసి నాన్న నిద్రపోయే దాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

సెప్టెంబర్ 30, బౌలింగ్ గ్రీన్, ఒహాయో

ఇక్కడ పాత నిర్మాణ యంత్రాల సంఘం వాళ్ళ జాతీయ మ్యూజియం ఉంది. మ్యూజియం అంటే అద్దాల అల్మారాలు కాదు. పెద్ద షెడ్డు, బయట బరక మైదానం, నూనె వాసన. కొన్నిటికి నిగనిగలాడే రంగు, కొన్ని తుప్పులో వరస కోసం ఎదురుచూస్తున్నాయి. మమ్మల్ని తిప్పి చూపించిన వాలంటీరుకు ఎనభై దగ్గర ఉంటాయి. సస్పెండర్లు, గోళ్ళ కింద గ్రీజు. నాన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆయనకు తెలుగు సున్నా. పది నిమిషాల్లో ఇద్దరూ నన్ను వదిలేసి మాట్లాడుకున్నారు. "పిన్?" "పిన్." "గ్రీజ్?" "ఎవ్రీ మార్నింగ్." "మీ టూ."

తాళ్ళతో నడిచే ఒక పాత యంత్రంలో నాన్నను కూర్చోనిచ్చాడు. ముందు నిలువు లీవర్లు, కింద పెడళ్ళు. ప్రతి లీవరూ ఒక క్లచ్, ప్రతి పెడలూ ఒక బ్రేకు. ఎత్తాలంటే ఒక చెయ్యి, తిప్పాలంటే ఇంకో చెయ్యి, పట్టి ఆపాలంటే కాలు. నాన్న ఒక పెడల్‌ను తొక్కి చూశాడు, కదల్లేదు. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడు. దిగాక తొడ పట్టుకుని, "వీళ్ళు ఆపరేటర్లు కాదమ్మా, పహిల్వాన్లు" అన్నాడు.

ఏది నొక్కుద్ది? వాలంటీరు చెయ్యి చాచి చూపించాడు. డ్రాగ్‌లైన్ అయితే ఏదీ నొక్కదు. బకెట్ తన బరువుతో తాను పడుతుంది, తాడు దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది, అంతే. చేయి తిరిగిన ఆపరేటర్లు బకెట్‌ను ఊపి బూమ్ కొస కన్నా దూరంగా విసిరేవారట. ఆ విసురును ముసలాయన చేత్తో చూపించగానే నాన్న, "వల!" అన్నాడు. అచ్చం వల విసిరినట్టే.

వెళ్ళేటప్పుడు నాన్న సంచీలోంచి ఆవకాయ సీసా తీసి ఆయన చేతిలో పెట్టాడు. కారం అని నేను మూడు సార్లు హెచ్చరించాను. మాకు మిగిలిన నాలుగు పూటలకు పచ్చడి లేదు.

అక్టోబర్ 1, బ్యుసైరస్, మేరియన్, ఒహాయో

రెండు ఊళ్ళూ అరగంట దూరంలో ఉన్నాయి. ప్రపంచానికి పార యంత్రాలు పంచినవి ఇవే. బ్యుసైరస్ కంపెనీ 1880లో బ్యుసైరస్ ఊళ్ళో పుట్టి 1893లో విస్కాన్సిన్‌కు వెళ్ళిపోయింది. ఊరు ఇప్పుడు బ్రాట్‌వర్స్ట్ అనే జర్మన్ సాసేజికి పేరు. మేరియన్ కంపెనీ 1884లో మొదలైంది. 1997లో మేరియన్‌ను బ్యుసైరస్ కొంది, 2011లో బ్యుసైరస్‌ను క్యాటర్‌పిల్లర్ కొంది. చూడటానికి రెండు చోట్లా పెద్దగా ఏమీ లేదు. వీధిలో కారాపి, పాప్‌కార్న్ కొనుక్కుని, కథ మాత్రం చెప్పుకున్నాం.

మొదటి ఆవిరి పార చేసినవాడు విలియం ఓటిస్. 1839లో పేటెంట్ వచ్చింది, అదే ఏడాది పోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆ యంత్రం చాలా ఏళ్ళు నత్తనడక నడిచింది, మనుషుల కూలి చవక కాబట్టి. రైల్వేలు పెరిగాకే గిరాకీ వచ్చింది. పనామా కాలువ తవ్వేనాటికి అమెరికా అక్కడికి పంపిన 102 ఆవిరి పారల్లో 77 బ్యుసైరస్‌వి, 24 మేరియన్‌వి. 1906లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ వెళ్ళి ఒక బ్యుసైరస్ యంత్రంలో కూర్చుని ఫొటో దిగాడు. అవి పట్టాల మీద నడిచేవి. కొంచెం తవ్వాక ముందు పట్టాలు పరచుకుని జరగాలి. ఒక యంత్రానికి ఇద్దరు ఆపరేటర్లు: ఒకడు లోపల నుంచి ఎత్తి తిప్పేవాడు, ఇంకొకడు బూమ్ మీద ఎండలో నిలబడి కర్రను తోసి, బకెట్ అడుగు తలుపు వదిలేవాడు. బొయిలర్‌కు బొగ్గు వేసేవాడు వేరే.

"అయితే నొక్కేవాడు వేరే, ఎత్తేవాడు వేరే" అన్నాడు నాన్న. "ఇద్దరికీ పడకపోతే?"

ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ నాకు జవాబు దొరకలేదు.

మేరియన్ వాళ్ళే 1965లో నాసాకు రెండు క్రాలర్లు చేసిచ్చారు. చంద్రుడి మీదికి వెళ్ళిన సాటర్న్-5 రాకెట్‌ను నిలువుగా మోసుకుంటూ ప్రయోగ వేదిక దాకా తీసుకెళ్ళినవి. ఒక్కొక్కటి 2,700 టన్నులు. బొగ్గు గనుల పారల కింద ఉండే చైన్‌నే రాకెట్ కింద పెట్టారు. ఫోన్‌లో వీడియో చూపిస్తే నాన్న పాప్‌కార్న్ తినడం మానేశాడు.

అక్టోబర్ 2, మెకానెల్స్‌విల్ దగ్గర, ఒహాయో

కొండల మధ్య మలుపులు తిరిగే రోడ్డు, 78వ నంబరు. ఒక మలుపు తిరగ్గానే పచ్చిక మీద ఒంటరిగా బకెట్. బిగ్ మస్కీ అనే డ్రాగ్‌లైన్‌లో మిగిలింది ఇదే. 220 ఘనపు గజాలు పడుతుంది, ఒక్క విసురుకు 325 టన్నుల మట్టి. 1969 నుంచి 1991 దాకా పనిచేసింది. అది తీసిన మట్టి పనామా కాలువ మట్టికి రెండింతలు. దానికి చైన్ లేదు. పెద్ద పాదాల మీద అడుగులు వేస్తూ నడిచేది. కరెంటు ఖర్చు, గంధకం బొగ్గు మీద కొత్త చట్టం, రెండూ కలిసి దాన్ని ఆపేశాయి. 1999లో బూమ్‌ను పట్టుకున్న తాళ్ళకు పేలుడు మందు పెట్టి కూల్చి, తుక్కుకు అమ్మారు. బకెట్‌ను మాత్రం గని కార్మికుల గుర్తుగా ఇక్కడ పెట్టారు.

నాన్న బకెట్ లోపల అటు చివర నుంచి ఇటు చివరకు అడుగులతో కొలిచాడు. లోపల మాట ప్రతిధ్వనిస్తోంది. పళ్ళ మీద చెయ్యి వేసి, వేలితో అంచు తడిమి, వాసన చూశాడు. పొద్దున మోటెల్‌లో చేసిన పెరుగన్నం డబ్బా తీశాను. నీడ అక్కడే ఉంది కాబట్టి బకెట్‌లోనే కూర్చున్నాం. పచ్చడి లేకుండా పెరుగన్నం చప్పగా ఉంది.

ఇండియాలో రాత్రి పది దాటి ఉంటుంది. నాన్న బండి నడిపే కుర్రాడికి వీడియో కాల్ చేశాడు. ఫోన్ చుట్టూ తిప్పి చూపించాడు.

"ఒరేయ్, నేనెక్కడ కూర్చున్నానో చెప్పు."

"ఏదో రూముంది బాబాయ్. గోడలు తుప్పు పట్టినాయి."

"రూము కాదురా, బకెట్."

అవతల కాసేపు నిశ్శబ్దం. "బండేదీ?"

"కోసేసి అమ్మేశారంట. ఇదొక్కటే ఉంచారు."

"పళ్ళున్నాయా?"

"ఉన్నాయి."

"సరే గానీ బాబాయ్, నువ్వే చేస్తావని చూస్తన్నా. మధ్యాన్నం మన బండికి వెనక హోస్ పైపు పగిలింది. ఆయిలంతా పోయింది. రేపు పొద్దున్నే పని ఉంది, ఒక నాలుగు వేలు కొట్టగలవా?"

నాన్న డబ్బా నా చేతికిచ్చి, కళ్ళజోడు తీసి, ఫోన్‌పే ఎలా తెరవాలో చూపించమన్నాడు.